బొటనవేలి కట్టు

గాజు గుడ్డ, అదే పుండ్లకు కట్టే పలచటి గుడ్డ, ఆ మాట వింటే నాకు ఇప్పటికీ చిరాకు. అట్లాగని దాన్ని వదిలేసి బతికినదాన్నీ కాదు. 2009లో కామారెడ్డిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పనికి చేరినప్పుడు నాకు మొదట నేర్పింది సూదులు వేయడమో బీపీ చూడటమో కాదు, ఆ గుడ్డను మడతపెట్టడం. తెల్లటి తాను తెచ్చి బల్ల మీద పరిచేవాళ్ళు. జల్లెడలాగా సన్న సన్న కళ్ళతో ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. దాన్ని జానెడు ముక్కలుగా కత్తిరించి, కోసిన అంచులన్నీ లోపలికి పోయేలా మడవాలి. ఒక్క పోగు బయటికి వేలాడినా మా పెద్ద సిస్టర్ ఆ ముక్కను తీసి నా ఒళ్ళో పడేసేది.

“గా పోగు పుండ్ల ఉండిపోతది, దాని సుట్టూ చీము పడ్తది. నీ ఇంట్లోళ్ళకైతే గిట్లనే మడుస్తవా?” అనేది.

మడిచిన ముక్కలను డ్రమ్ములో పేర్చి ఆవిరి పట్టించేవాళ్ళం. ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవడానికి లేదు, పటకారుతోనే తీయాలి. ఆ గుడ్డకు దవాఖానలో లేని పని లేదు. కోసిన చోట నెత్తురు అద్దడానికి అదే, లోతు పుండులో పీలికలాగా కుక్కడానికి అదే, కాలిన ఒంటి మీద మందు రాసి పరచడానికి అదే, పుట్టిన బిడ్డ నోరు తుడవడానికీ అదే. మిగిలిన ముక్కల్లో మా ఆయమ్మలు చాయ్ వడగట్టుకునేవాళ్ళు. చూసి పెద్ద సిస్టర్ మొత్తుకునేది, తర్వాత ఆ చాయే తాగేది.

నేను రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నా పని సంగతి మా గల్లీలో తెలిసినప్పటి నుంచి ఆడవాళ్ళకు నేను గాజు గుడ్డ దుకాణమైపోయాను. ఒకామెకు పెరుగు వేలాడగట్టడానికి కావాలి, ఒకామెకు మామిడికాయ తొక్కు జాడీకి వాసెన కట్టడానికి కావాలి, ఇంకొకామెకు ఉయ్యాలలో పసిపిల్ల మీద ఈగలు వాలకుండా కప్పడానికి కావాలి. “నీకేం పిల్లా, దవాఖానల బొచ్చెడుంటది, ఇంత తేరాదు” అనేవాళ్ళు. బస్టాండు దగ్గర మెడికల్ షాపులో కొని తెచ్చాను మొర్రో అంటే ఒక్కరూ నమ్మలేదు. కొన్నా దొంగతనమే, కొనకపోయినా దొంగతనమే. నాకు ఒళ్ళు మండేది, కానీ ఇరుగుపొరుగు కదా, ఇచ్చేదాన్ని.

ఇవన్నీ చిన్న చిరాకులు. అసలు చిరాకు మా ఇంట్లో మొదలైంది.

2011లో ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ మా అత్తా. నా భర్త మస్కట్‌లో కట్టడాల పనిలో ఉన్నాడు. మామ పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. అత్త బీడీలు చుట్టేది. పొద్దున్నే తునికాకు నానబెట్టి, తడి ఆరిపోకుండా గుడ్డలో చుట్టి పెట్టుకుని, వసారాలో గోడకు ఆనుకుని కూర్చునేది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తెర. పొద్దుగూకేదాకా ఆ చేతులు ఆగేవి కావు. ఆ ఏడు వానాకాలం మొదట్లో ఒకరోజు ఆ కత్తెర ఒళ్ళోంచి జారి, మొన కిందికి తిరిగి ఆమె కుడికాలి బొటనవేలి మీద పడింది. ఆమెకు షుగరు. పాదాలకు స్పర్శ తగ్గి చాలా రోజులైంది. వేలు తెగిన సంగతి సాయంత్రం చాట దించి, గచ్చు మీద నెత్తురు చూశాక గానీ ఆమెకు తెలియలేదు.

నేను అదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి భయపడలేదు. షుగరు పుండ్లు ఎన్ని చూడలేదు, ఎన్ని మాన్పలేదు! మర్నాటి నుంచే మొదలుపెట్టాను. తొలి బస్సుకు ముందే లేచి, నీళ్ళు మరగబెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆమె కాలు నా ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టేదాన్ని. సెలైన్‌తో కడిగి, మందు వేసి, రెండు మడతల ముక్కలు పెట్టి, పైన గాజు గుడ్డ పట్టీ చుట్టి ముడి వేసేదాన్ని. ముడి మీద ముడి పడకుండా చదునుగా వేయడం నా ప్రత్యేకత. మా డాక్టరు కూడా మెచ్చుకునేవాడు.

“తడపకు, ఇప్పకు, ఉత్త కాళ్ళతోని తిరగకు” అని రోజూ చెప్పేదాన్ని.

“సరే బిడ్డా” అనేది అత్త, తలుపు వైపు చూస్తూ.

పది రోజులైంది, పుండు మానలేదు. ఇరవై రోజులైంది, మానలేదు. మానకపోగా అంచులు తెల్లగా నాని, లోపల పసుపుపచ్చగా చీము. షుగరు గోలీలు సరిగ్గా వేసుకుంటోందా అని లెక్కపెట్టి చూశాను, వేసుకుంటోంది. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టాను. మందు మార్చాను. డాక్టరును అడిగి ఇంకో మందూ మార్చాను. శుక్రవారం శుక్రవారం మస్కట్ నుంచి ఫోను వచ్చేది. “దవాఖానల పని జేస్తవు, మా అవ్వ ఏలు మానవెట్టరాదా?” అనేవాడు నా భర్త. ఆ మాటకు నాకు ఫోను గోడకేసి కొట్టాలనిపించేది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు. ఊళ్ళో వాళ్ళ పుండ్లన్నీ నా చేతిలో మానేవి, మా ఇంటి పుండు మాత్రం నన్ను వెక్కిరించేది.

ఒక సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి కట్టు చూద్దామని కూర్చున్నప్పుడు ముడి మీద నా కన్ను పడింది. అది నా ముడి కాదు. పట్టీ కొసను రెండుసార్లు మెలితిప్పి కిందికి దోపిన ముడి. బీడీలను కట్టగా కట్టి దారం బిగించేటప్పుడు మా అత్త చేసే పని అది, నేను రోజూ చూసేదే.

“ఇప్పినవా అత్తమ్మా?”

“లే, నేనెందుకు ఇప్పుత.”

మొహం మీదే అబద్ధం. ముడి అక్కడ నా కళ్ళముందు ఉండగా అబద్ధం. ఆ రోజు నేను అన్నం తినలేదు. మర్నాడు సెలవు రోజు, వసారా ఊడుస్తుంటే ఆకు మూట కనబడింది. నానిన తునికాకు చుట్టూ ఉన్నది నేను కొని తెచ్చిన గాజు గుడ్డ. ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ తడిపి చుట్టింది. నేను ఆ మూట ఎత్తి పట్టుకుని అత్త ముందు నిలబడ్డాను.

“తడి మస్తు పట్టుకుంటది బిడ్డా. సీర పేల్కెకంటె మంచిగున్నది” అంది ఆమె, ఏదో నాకు మంచి సంగతి చెబుతున్నట్టు.

ఇంక నాకు అర్థమైపోయిందనుకున్నాను. పిసినారితనం. తెల్లటి కొత్త గుడ్డను చీముకు, నెత్తురుకు వేయడం ఆమెకు ప్రాణం ఒప్పడం లేదు. నేను పోగానే విప్పి దాచుకుంటోంది, పాత చీర పీలిక కట్టుకుంటోంది, నేను వచ్చే వేళకు మళ్ళీ ఇది చుట్టుకుంటోంది. సరే, దానికీ మందుంది. రెండు గుడ్డ చుట్టలు తెచ్చాను. “గిది నీ ఆకుకు, గిది నీ కాలుకు. ఆకుకు ఎంతన్న వాడుకో, కాలుది మాత్రం ముట్టుకోకు” అని వేరువేరుగా పెట్టి చూపించాను. తల ఊపింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే బీడీ ముడి.

ఆ తర్వాత నేను అనని మాట లేదు. నీకు కాలుకన్నా ఆకు ఎక్కువైందా అన్నాను. కాలు తీసేస్తే నిన్ను ఎత్తుకుని తిరిగేదాన్ని నేనే కదా అన్నాను. నీ కొడుకు నన్ను తిట్టాలనే నీకున్నదా అని కూడా అన్నాను, ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె తన పనిలో తానుండేది. ఆకు కోసేది, తంబాకు పోసేది, చుట్టేది, వేలి కొసతో మూతి మడిచేది. గోడకు చెప్పినా ఇంతకన్నా నయమేమో అనిపించేది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ బుద్ధిగా కాలు చాపేది. కట్టనిచ్చేది. అదే నాకు మరీ మంట. వద్దని కాలు లాక్కుంటే పోట్లాడవచ్చు, చాపి కూర్చున్న మనిషితో ఏం పోట్లాడతాం!

అట్లా మూడు నెలలు దాటాయి. చలి మొదలయ్యే ముందు రోజులు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు బంద్. దవాఖానకు బంద్ ఉండదు కాబట్టి షేరింగ్ ఆటోల్లో పడుతూ లేస్తూ పోయేదాన్ని. ఒకరోజు పొద్దున అత్తకు కట్టు కట్టి, ఆటో ఎక్కి లింగంపేట దాకా పోయేసరికి సమ్మెవాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది. ఆటో ముందుకు పోనివ్వలేదు. “తినిపో అక్కా” అన్నారు. తిననూ లేదు, పోనూ లేదు. అదే ఆటోలో వెనక్కి తిరిగాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా పది కాలేదు. తలుపు తీసే ఉంది. అత్త వసారాలో కూర్చుని ఉంది. కుడికాలికి పసుపు పూసిన పాత చీర పీలిక. నేను రెండు గంటల కిందట కట్టిన కట్టు ఉతికి తీగ మీద ఆరేసి ఉంది, నీళ్ళు ఇంకా కారుతున్నాయి. నన్ను చూసి ఆమె చేతిలో బీడీ అట్లాగే ఆగింది.

నేను అరవాల్సింది. అప్పటికి మూడు నెలలుగా అరుస్తూనే ఉన్నాను కదా. కానీ పొద్దున్నే లేచి, ఆటోలో ఇరుక్కుని, ఎండలో వెనక్కి వచ్చి, గొంతులో ఓపిక లేదు. ఆమె ఎదురుగా గచ్చు మీద కూలబడ్డాను.

“నిజం జెప్పు అత్తమ్మా. నేను కడ్తే నీకేమైతుంది?”

ఆమె చాట ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. పనివేళలో ఆమె చాట దించడం నేను చూడలేదు.

“గా తెల్లగుడ్డ బొటనేలికి కట్టినంక నాకు కూసోబుద్ధి గాదు, బువ్వ తినబుద్ధి గాదు. మీ మామకు గట్లనే కడ్తివి” అంది.

మామ పోయింది నేను పనిచేసే నర్సింగ్ హోంలోనే. గుండె ఆగింది. ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేనే. మనిషి పోతే కాళ్ళు ఎడంగా బిగుసుకుపోకుండా రెండు బొటనవేళ్ళు కలిపి కట్టడం మా దిక్కు ఇండ్లలో ఉన్నదే, దవాఖానలోనూ అదే చేస్తాం, గాజు గుడ్డతో. పెద్ద సిస్టర్ “నువ్వు తప్పుకో, మేం జేస్తం” అంటే నేనే ఒప్పుకోలేదు. మా మామకు నా చేతులతోనే చేస్తానన్నాను. నోరు తెరుచుకోకుండా గడ్డం కట్టాను, వేళ్ళు కలిపి పట్టీ చుట్టాను, చదునుగా ముడి వేశాను, కొసలు సమంగా కత్తిరించాను. బాగా చేశానని నాకు లోపల గర్వం కూడా ఉండేది. అత్త అప్పుడు మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉందన్న సంగతి నేను మళ్ళీ ఎప్పుడూ తలుచుకోలేదు.

“గదే గుడ్డ, గదే ముడి, గవ్వే నీ చేతులు” అంది అత్త. “పొద్దుగాల్నే నా కాలు ఒళ్ళె పెట్టుకొని కడ్తవు. ఒక్క కాలుకు కట్టుడైంది, ఇంగో కాలు కలిపి కట్టుడే ఎనుకవడ్డది అన్నట్టుంటది నాకు. నువ్వు గడప దాటంగనే ఇప్పేస్త. అప్పుడు పానం నిమ్మళమైతది.”

“గది సచ్చినోళ్ళకు కట్టేది, గిది పుండుకు కట్టేది. రెండు ఒక్కటెట్ల అయితయి?”

“నీకు యేరే. నాకు గదే కనవడ్తది.”

“మరి ఇన్ని రోజులు నాకెందుకు జెప్పలే?”

“కోడలు పొద్దుగాల లేసి కాలు కడుగవట్టె. నీ కట్టు సావుకట్టు లెక్కున్నదని ఏ నోటితోని జెప్పాలె? నువ్వన్న నిమ్మళంగ అడిగితివా? ఎందుకిప్పినవ్ ఎందుకిప్పినవ్ అని గుడ్లురుముడే గని.”

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అడిగాను కదా, వందసార్లు అడిగాను కదా అనబోయాను. అడగలేదు. అరిచాను. దవాఖానలో ముక్కూ మొహం తెలియని ముసలమ్మ కట్టు విప్పుకుంటే “ఏమైంది అవ్వా, గుంజుతుందా, మంట ఉన్నదా” అని మంచం పక్కన కూర్చుని అడిగేదాన్ని. ఇంట్లో మనిషిని మూడు నెలల్లో ఒక్కసారి కూడా అట్లా అడగలేదు. పిసినారి అని పేరు పెట్టి ఊరుకున్నాను.

ఆ రోజు చాలాసేపు ఆలోచించాను. మా ఇళ్ళలో కొత్త బట్ట ఏదైనా ఒంటి మీద వేసుకునే ముందు మూలకు ఇంత పసుపు పెడతాం. పసుపు తగలని తెల్లబట్ట పోయినవాళ్ళకే. మర్నాడు పుండు మీద పెట్టే ముక్కలు ఎప్పటిలాగే శుభ్రంగా పెట్టాను. పైన చుట్టే పట్టీ కొసకు మాత్రం పసుపు అద్దాను. పట్టీని వేలి దగ్గర ఆపకుండా పాదం మీదుగా తెచ్చి చీలమండ దగ్గర ముడి వేశాను, అదీ ఆమె బీడీ ముడి. పెద్ద సిస్టర్ చూస్తే నన్ను అక్కడికక్కడే పనిలోంచి తీసేసేది. ఆవిరి పట్టించిన గుడ్డకు వంటింటి పసుపు! నా చేతులే నన్ను తిట్టుకున్నాయి. అత్త మాత్రం కాలును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. సాయంత్రం నేను వచ్చేసరికి కట్టు కదలలేదు. ఆ మర్నాడూ కదలలేదు.

ఇంతే కావాల్సింది. చిటికెడు పసుపు. ఇది మొదటి వారంలో తెలిసి ఉంటే ఆ పుండు బతుకమ్మ పండుగకు ముందే మానేది. నేను ఇప్పటికీ పళ్ళు కొరుక్కునేది అందుకే.

రెండు వారాల్లో పుండు అంచులు ఎర్రబడ్డాయి, చీము తగ్గింది. సంతోషపడ్డాను. కానీ వేలి కొస మాత్రం నల్లబడుతూ వచ్చింది. బస్సులు మళ్ళీ నడవగానే కామారెడ్డి తీసుకుపోయాను. ఎక్స్‌రే తీశారు. మా డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఎముకకు పట్టిందన్నాడు. వేలు తీసేస్తే పాదం దక్కుతుంది, ఆలస్యం చేస్తే అదీ దక్కదన్నాడు.

“ఇన్ని రోజులు డ్రెస్సింగ్ ఎవరు చేశారు?” అని అడిగాడు.

“నేనే సార్” అన్నాను.

ఆయన ఎక్స్‌రేను కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. తిట్టి ఉంటేనే బాగుండేది. మస్కట్‌కు నేనే ఫోను చేసి చెప్పాను.  ఎప్పుడూ మాట పడేసే నా భర్త, ఆ రోజు “సరే” అని పెట్టేశాడు. అందరూ కూడబలుక్కుని నన్ను తిట్టకుండా వదిలేసినట్టయింది.

వేలు తీశారు. మూడో రోజు కట్టు మార్చే పని ఇంకొక సిస్టర్‌కు పడితే నేనే అడిగి తీసుకున్నాను. అత్తను మంచం మీద ఆనించి కూర్చోబెట్టి, పాత కట్టును సెలైన్‌తో తడిపి మెల్లగా విప్పాను. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. ఆమె తన కాలును మొదటిసారి చూసుకుంది. నాలుగు వేళ్ళు, ఒక ఖాళీ. ఏడుస్తుందనుకుని తల ఎత్తలేదు నేను. ముక్కలు పెట్టాను, పట్టీ తీశాను, పసుపు పొట్లం కోసం నా సంచిలో చెయ్యి పెట్టాను.

“ఇంగ పసుపెందుకే” అంది అత్త. “ఎట్లన్న కట్టుకో. బొటనేలే లేకపాయె, ఇంగ భయమేంది.”

నేను చెయ్యి వెనక్కి తీసుకుని పట్టీ చుట్టడం మొదలుపెట్టాను. రెండు చుట్లు వేశాక ఆమె మళ్ళీ అడిగింది.

“మరి నేను పోయిన్నాడు దేనికి కడ్తవే?”

అలవాటు కొద్దీ నోరు తెరిచాను, గట్లాంటి మాటలు మాట్లాడకు అని కసరడానికి. ఆమె మొహం చూశాక ఆ మాట రాలేదు. ఆమె నిజంగానే అడుగుతోంది. మూడు నెలలు దాచుకున్న భయాన్ని ఇప్పుడు దాచకుండా అడుగుతోంది.

“పక్కేలుకు కడ్త అత్తమ్మా” అన్నాను.

ఆమె ముందుకు వంగి, బీడీ కట్ట సరిగ్గా ఉందో లేదో చూసేటప్పటిలాగా, ఆ పక్క వేలును కాసేపు పరికించి చూసింది.

“గది సన్నగున్నది, గుడ్డ జారుతది. గట్టిగ కట్టు” అంది.

“గట్టిగనే కడ్త” అన్నాను. ఆమె సరేనని దిండుకు ఆనుకుని, నేను కట్టు పూర్తి చేసేదాకా కాలు కదపకుండా పట్టుకుంది.